రింగు లోపలి నూనె

పోటీ రెండు గంటలకు. తుపాకుల తనిఖీ పొద్దున్నే అయిపోయింది. పదకొండున్నరకు నా మేనకోడలు చివరి సాధనగా అయిదు తూటాలు కాల్చింది. మూడు ఒక్కచోటే గుచ్చుకున్నాయి. నాలుగోది బెత్తెడు పైకి పోయింది. అయిదోది దానికీ పైన.

"గాలి," అన్నాను దుర్భిణిలోంచి కన్ను తీయకుండా.

"గాలైతే పక్కకి తోస్తుంది మావయ్యా. పైకెందుకు పోతుంది?"

జవాబు తెలియలేదు. తెలియనప్పుడు నాకు కోపం వస్తుంది.

ఈ క్లబ్బులో తుపాకులు బాగుచేసే గది నాది. ఏడో తరగతిలో బడి మానేసి ఒక ముసలి మెకానిక్కు దగ్గర చేరాను. ఆయన నేర్పిన మొదటి పాఠం, ఇనుము ఆరిపోకూడదని. ఇరవై రెండేళ్లుగా నూనె గుడ్డ చేతిలో లేకుండా నేను తుపాకి ముట్టుకోలేదు. ఈ పిల్ల మా అక్క కూతురు. జట్టులోకి ఇద్దర్నే తీసుకుంటారు. ఈమె వరసగా రెండేళ్లు మూడో స్థానంలో ఆగిపోయింది. ఈసారీ మూడో స్థానమే అయితే తుపాకి అటకెక్కిస్తానని వాళ్లమ్మకు మాటిచ్చింది. మా అక్క పొద్దుటినుంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.

"బైపాడ్ తీసెయ్," అన్నాను.

బైపాడ్ అంటే తుపాకి ముందుభాగం కింద మడిచి విప్పే రెండు కాళ్ల స్టాండు. మా బెంచీలు సిమెంటువి. గట్టి చోట నిలబెట్టి కాలిస్తే ఆ కాళ్లు గెంతుతాయి, తుపాకీ పైకి లేస్తుంది. ఆ స్టాండును ఆమెకు అంటగట్టినవాడు వెనకే నిలబడి ఉన్నాడు. పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరికీ వాడు కేటలాగే. క్లబ్బు గుమ్మం పక్కన సామాన్ల కొట్టు వాడిది. తుపాకి మీద గురిచూసే స్కోపుకు ఎండ పడకుండా తొడుగు, తుపాకి ఒరిగిందో లేదో చెప్పే లెవెల్ బుడగ, చెంప ఆనించే మెత్త, అన్నీ ఉంటాయి.

"బాబాయ్, దానిదేం తప్పు లేదు. కాళ్ల కింద దళసరి గుడ్డ పరిస్తే గెంతదు," అన్నాడు.

"నీ సామాను తగిలించుకుంటే గాడిద కూడా గుర్రమవుతుందిరా. నువ్వు నోర్ముయ్."

బైపాడ్ తీసి ఇసుక సంచి పెట్టాను. సంచి మీద కట్టెభాగమే ఆనాలి, గొట్టం ఆనకూడదు. ఆనితే గొట్టం అదురు మారి తూటా తన ఇష్టం వచ్చిన దారి పడుతుంది. అది నేనే సర్దాను. భుజానికి ఆనే తుపాకి మడమ కింద చిన్న సంచి కూడా మార్చాను, పిడికిట్లో నొక్కితే తుపాకి వెంట్రుకవాసి కదిలేలా. గొట్టం చల్లారేదాకా ఆగాం. ఆ పది నిమిషాలూ కాలుగాలిన పిల్లిలా బెంచీ చుట్టూ తిరిగాను.

మళ్లీ అయిదు. మళ్లీ మెట్లెక్కినట్టు పైకి.

"చెంప ఒక్కో తూటాకి ఒక్కో చోట పెడుతున్నావు."

"లేదు మావయ్యా. మెత్తమీద గీత గీసుకున్నా, చూడు."

"అయితే ట్రిగ్గరు మెల్లగా నొక్కడం లేదు, గుంజుతున్నావు. భయం. రెండేళ్ల భయం వేల్లోకొచ్చింది."

నేను అక్కడితో ఆగలేదు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస. ఇదే మాట తపాలా మాస్టారికీ చెప్పాను. ఆయన బుద్ధిమంతుడు, ఒప్పుకున్నాడు."

తపాలా మాస్టారంటే పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దాయన. రెండేళ్ల కిందట ఆయన తూటాలూ ఇలాగే పైకి పాకేవి. "వయసండీ మాస్టారూ, చెయ్యి వణుకుతోంది," అన్నాను. ఆయన తన చెయ్యి ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. తుపాకి నా బీరువాలోనే ఉంది.

మేనకోడలు తుపాకి బోల్టు వెనక్కి లాగి, ఖాళీ చేసి బెంచీ మీద పెట్టింది. చెవులకు పెట్టుకున్నవి తీసింది.

"బైపాడ్ మార్చావు. సంచులు మార్చావు. నా చెంపనీ వేలినీ కూడా వదల్లేదు. నువ్వు బిగించింది తప్ప అన్నీ చూశావు మావయ్యా."

కేటలాగు కిసుక్కుమన్నాడు.

"స్కోపా? దాన్ని తుపాకికి పట్టి ఉంచే రింగుల మరలమీద గోళ్లరంగుతో గీత పెట్టాను. మర తిరిగితే గీత తెగుతుంది. తెగిందా? చూడు, కళ్లు పెట్టి చూడు! బిగించడానికి నాకు వీడి దగ్గరున్న లెక్కల రెంచీలు అక్కర్లేదు. నా మణికట్టే నా రెంచి."

"అయితే చూడ్డానికి భయమెందుకు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అప్పటికే జేబులో మరలు విప్పే అలెన్ కీ కోసం వెతుకుతున్నాను.

ఎర్ర గీతలు చెక్కుచెదరలేదు. మరలు తిరగలేదు. అంతా బాగానే ఉందని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు కనిపించింది. వెనక రింగు అంచు దగ్గర, స్కోపు నల్లటి ఒంటిమీద, గోరుమందం తెల్లటి గీత. మరలు వాటి చోట అవి ఉన్నాయి. వాటి మధ్య పట్టులో ఉండాల్సిన స్కోపు ముందుకు జారింది. తుపాకి భుజాన్ని తన్నినప్పుడల్లా కాస్త కాస్త, దాంతోపాటు గురీ మారుతూ.

ఎందుకు జారిందో రింగు విప్పకముందే తెలిసింది. బిగించిన రోజు ఈ రింగుల లోపల గుడ్డతో తుడిచాను. నా గుడ్డతో. నూనె గుడ్డతో. ఇనుము ఆరిపోకూడదు కదా.

"మద్దెల నిజంగానే ఓడు," అన్నాను.

ఆమె నవ్వలేదు. "టైమెంత?" అంది.

పన్నెండున్నర దాటింది. విప్పి, స్పిరిట్‌తో పొడిగా తుడిచి, సమంగా బిగించడానికి అరగంట. కాని రింగులమీద తనిఖీ వాళ్లు అతికించిన గులాబీ చీటీ ఉంది. అది చింపితే మళ్లీ తనిఖీ చేయించాలి. పోటీలో సరిచూసుకోవడానికి అందరికీ ఇచ్చేవి అయిదు తూటాలే. కదిలించిన స్కోపును మూడు వందల మీటర్లకు సరిచేసుకోవడానికి అయిదు చాలవు. దానికి క్లబ్బు నియమం ఒకటుంది. బాగుచేసినవాడు తప్పు తనదేనని రాసి సంతకం పెడితే, ఆ షూటర్‌కు సరిచూసుకోవడానికి పది నిమిషాలు అదనంగా ఇస్తారు, తూటాల లెక్క లేకుండా. ఆ కాగితం నెలరోజులు బోర్డుమీద ఉంటుంది. అలాంటి కాగితం ఇన్నేళ్లలో ఎవరూ రాయలేదు. క్లబ్బులో మెకానిక్కును నేనొక్కణ్ణే.

తనిఖీ మేడం బల్ల దగ్గరికి వెళ్లాం. చీటీ చింపాలని చెప్పాను.

"కారణం?" అంది ఆవిడ.

"మర వదులైంది," అనడానికి నాలుక దాకా వచ్చింది. మర వదులవడం ఎవరి తప్పూ కాదు. పది నిమిషాలు రావు గానీ పరువు ఉంటుంది. పక్కన మేనకోడలు నావైపు కాదు, గోడ గడియారం వైపు చూస్తోంది.

"కాగితం ఇవ్వండి," అన్నాను.

నాకు రాత నెమ్మది. "స్కోపు రింగుల లోపల నేను నూనె రాశాను. రాయకూడదు. అందువల్ల స్కోపు జారింది. అమ్మాయి తప్పు లేదు."

"ఇంత వివరం అక్కర్లేదండీ. తప్పు నాది అంటే చాలు."

"ఉండనివ్వండి."

గదిలోకి వచ్చి విప్పాను. స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచాను. తెల్లగుడ్డకు మరక అంటడం మానేదాకా వదల్లేదు. మణికట్టును నమ్మే ధైర్యం లేక గుమ్మం వైపు చూశాను. కేటలాగు అక్కడే ఉన్నాడు, బిగింపు కొలిచే రెంచి పట్టుకుని.

"తీసుకో బాబాయ్. ఇది కేటలాగులో ఉంది. నీ మణికట్టు మాత్రం మా దగ్గర దొరకదు."

"ఇంకా ఎంతసేపు పొడుస్తావురా?"

"బోర్డుమీద కాగితం ఉన్నన్నాళ్లూ."

బిగింపు సరిపోగానే రెంచి టక్కుమంది, నాలుగు మరలకూ నాలుగుసార్లు. రెండుచోట్ల నేను ఎక్కువ బిగించేవాణ్ణని ఆ చప్పుడుతోనే తెలిసింది. మళ్లీ ఎర్ర గీతలు పెట్టాను. ఈసారి స్కోపు ఒంటికీ రింగుకూ కలిపి ఇంకొకటి.

పోటీ మొదలయ్యాక మెకానిక్కు లోపల ఉండకూడదు. నలభై తూటాలు. గదిలోంచి కుళాయి దాకా, కుళాయి దగ్గర్నుంచి గదిలోకి. పదిమంది ఒకేసారి కాలుస్తుంటే ఏ చప్పుడు మనదో తెలియదు. అయినా ప్రతి చప్పుడుకూ స్కోపు జారినట్టే ఉంది. బోర్డు దగ్గర ఇద్దరు నిలబడి చదువుతున్నారు. ఒకడు నన్ను చూసి గొంతు తగ్గించాడు. అక్క అయిదోసారి ఫోన్ చేసింది. ఎత్తాను.

"ఏమైందిరా?"

"కాలుస్తోంది."

"బాగా కాలుస్తోందా?"

"తను బాగానే కాలుస్తుందే అక్కా. ముందునుంచీ."

ఆమె బయటికొచ్చేసరికి చెంపమీద మెత్త అచ్చు ఎర్రగా ఉంది.

"రెండో స్థానం," అంది. "మూడో ఆవిడకీ నాకూ ఒక్క పాయింటు తేడా." ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇసుక సంచే వాడా. కేటలాగుకి చెప్పకు, ఏడుస్తాడు," అంది.

భుజం మీద ఒక్కటి చరిచి వాళ్లమ్మకు ఫోన్ చేయడానికి పరిగెత్తింది. నేను కూర్చోవాలి, నవ్వాలి, ఏదో ఒకటి చేయాలి. కాళ్లు బీరువా దగ్గరికి తీసుకుపోయాయి.

తపాలా మాస్టారి తుపాకి దుమ్ముపట్టి ఉంది. వెనక రింగు పక్కన గీత, గోరు పొడుగున. రింగు విప్పి తెల్లగుడ్డ పెట్టి తిప్పాను. పసుపుపచ్చ మరక.

పాత పుస్తకంలో ఆయన నంబరు దొరికింది. చాలాసేపు మోగింది.

"ఎవరండీ?"

"నేను మాస్టారూ. తుపాకుల గది."

"చెప్పు నాయనా. బీరువాలో అడ్డంగా ఉందా? తీసుకుపొమ్మంటావా?"

"కాదండి." గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. "మీ చెయ్యి వణకలేదండీ."