ముందు ముట్టుకున్న ఏనుగు

మా బాబాయి నవ్వుతూ ఎదురొచ్చాడంటే ఎవరికో మూడిందన్నమాటే. ఆ రోజు నాకు మూడింది.

అందరూ అందరితో ఆడే పోటీ. చివరి రౌండులో ఆయనే నాకు తగిలాడు. ఇందులో మొదటొచ్చిన ఒక్కరినే విద్యుత్ సంస్థ తన చదరంగం జట్టులోకి తీసుకుంటుంది, ఆ ఒక్కరికీ ఉద్యోగం ఖాయం. నాకు డ్రా చాలు. బాబాయికి గెలిచినా ఒరిగేదేమీ లేదు, వరుసగా ఓడి అట్టడుగున ఉన్నాడు. పైగా ఆయనకు ఎప్పటినుంచో ఉద్యోగం ఉంది.

"ఏమ్మా, మన ఓపెనింగేనా?" అన్నాడు కూర్చుంటూ.

"అదే బాబాయ్. నువ్వు నేర్పిందే."

ఇటాలియన్ గేమ్. రాజు ముందు బంటు, గుర్రం, బిషప్. కళ్ళు మూసుకునైనా ఆడతాను. ఆ తర్వాత క్యాస్లింగ్, అంటే రాజును మూలకు పంపి ఏనుగును పక్కన కాపలా పెట్టడం. చిన్నప్పుడు బాబాయి నా వేళ్ళు పట్టుకుని నేర్పినట్టే ముందు ఏనుగును జరిపి, రాజు మీద చెయ్యి వేశాను.

బాబాయి రిఫరీని పిలిచాడు.

"ముందు ఏనుగును ముట్టుకుందండీ. ఇక క్యాస్లింగ్ కుదరదు, ఏనుగునే కదపాలి."

"అదేంటి బాబాయ్! నేనెప్పుడూ ఇలాగే చేస్తాగా? ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదే!"

"అనకపోవడం వాళ్ళ మంచితనం."

రిఫరీ జాలిగా చూశాడు. "రూలు అదేనమ్మా. ముందు రాజునే ముట్టుకోవాలి."

రూల్స్ పుస్తకం ఎవరు చదివారు? నాకు బాబాయే పుస్తకం. ఒళ్ళు మండిపోయింది. ఏనుగును జరిపిన చోటే వదిలేశాను. రాజు నడిమధ్యలో దిక్కులేకుండా నిలబడిపోయాడు.

నా మంత్రిని లాగేసుకున్నాక కూడా బాబాయి ఆట ముగించలేదు. నా బంట్లను తీరిగ్గా ఒక్కొక్కటే ఏరుకున్నాడు. "కంగారుపడకు తల్లీ, బాగా ఆలోచించుకో" అంటూ అందరికీ వినపడేలా ధైర్యం చెప్పాడు. సిగ్గులేని మనిషి! చివరికి చెక్‌మేట్ పెట్టాడు. ఉద్యోగం పక్క బల్ల మీద ఆడుతున్న కుర్రాడికి పోయింది.

"ఈ రూలు నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"మొదటినుంచీ తెలుసు."

"మరి నాకెందుకలా నేర్పావు?"

కళ్ళద్దాలు తుడుచుకుంటూ నవ్వాడు.

"క్యాస్లింగ్ అంటే ఏంటో తెలియకముందే నాకు చెక్ పెట్టావు. ఎప్పటికైనా నన్ను మించిపోతావనిపించింది. నీ పిలక ఒకటి నా చేతిలో ఉండాలి కదమ్మా!"

అప్పటికి నాకు ఏడేళ్ళు.