ఎనిమిది కోర్ల మిషన్

సియేనికి ఆ వారమంతా కుదురు లేదు. సమోవా రాజధాని ఆపియాలోని కంప్యూటర్ల కొట్టు దాకా వెళ్ళడం, ఏదీ తేల్చుకోలేక ఉత్త చేతులతో తిరిగి రావడం. ఇంట్లో పాత మిషన్ పాడైపోయింది. కొత్తది ఒక్కటే కొనగలరు, వాడేది ఇద్దరు. ఆమె నాట్య బృందానికి వేదిక మీద కంప్యూటర్‌తో సంగీతం నడిపిస్తుంది. తమ్ముడు పెసమీనో బొమ్మల సినిమాలు తీస్తాడు.

చివరికి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. కొట్టు యజమాని లేమలు రెండు మిషన్లు చూపించాడు.

"ఇందులో లెక్కలు చేసే బుర్రలు, అదే కోర్లు, ఇరవైనాలుగమ్మా, అందులో ఎనిమిదే. ఇంకా ఆలోచనెందుకు?"

"ఆ ఎనిమిదిలో ఒక్కోటి ఎంత జోరు?"

"జోరులో దాన్ని మించింది నా కొట్లో లేదు."

సియేని తన పాట రెండింటిలోనూ నడిపి చూసింది. గాయకుల గొంతుకి మిషన్ ఒక మెరుగు దిద్దాకే ఇంకో మెరుగు దిద్దాలి. ఆ పని పది కోర్లకి పంచడానికి వీల్లేదు. పెద్దదానిలో ఒక్క కోర్ కిందా మీదా పడుతుంటే మిగతావి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాయి. పాట చిటపటమంది. చిన్నదానిలో సాఫీగా సాగింది.

పెసమీనో బొమ్మల సంగతి వేరు. ఏ ఫ్రేముకా ఫ్రేము విడిగా తయారవుతుంది. ఎన్ని కోర్లుంటే అంత తొందర. వాడు పెద్దదాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమంటావురా?"

"నీ ఇష్టం అక్కా."

అక్క మాట కాదనే తమ్ముడు సమోవా ఇళ్ళలో ఉండడు. సియేనికి ఆ సంగతి తెలుసు. తెలిసే ఎనిమిది కోర్లది తీసుకుంది.

ప్రదర్శన రోజు పాట ఎక్కడా తెగలేదు. జనం లేచి నిలబడి కేకలు వేశారు. ఆమె చూపు మాత్రం తమ్ముడి కోసం వెతుకుతూనే ఉంది. వాడు రాలేదు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చిత్రోత్సవానికి సినిమా పంపే గడువు ఆ సాయంత్రమే దాటిపోయింది. సినిమా ఇంకా సగంలోనే ఉంది.

"తిట్టరా నన్ను. ఊరికే అలా కూర్చోకు."

"అక్కని తిడతారా ఎవరైనా?"

"ఈ ఒక్కపూటకి అక్కనని మర్చిపో."



"నువ్వు కొన్నది తప్పని అనను. పాట ఆగితే బృందమంతా నవ్వులపాలు, బొమ్మలు ఆగితే నేనొక్కణ్ణే. అది నాకూ తెలుసు. కానీ కాదననని తెలిసే అడిగావు చూడు, అదే బాధ."

సియేని మిషన్ తెచ్చి వాడి ముందు పెట్టి వైర్లు కలిపింది.

"మళ్ళీ ప్రదర్శన వచ్చేదాకా ఇది నీదే. వచ్చే ఏడు పంపుదువుగాని."

"దీంతోనా? వచ్చే ఏటికే అవుతుందిలే," అన్నాడు పెసమీనో.

అది హాస్యమో ఎత్తిపొడుపో ఆమెకి అంతుపట్టలేదు. తెర మీద ఫ్రేములు నెమ్మదిగా రావడం మొదలుపెట్టాయి. సియేని లోపలికి వెళ్ళలేక, వాడి పక్కన కూర్చోలేక, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయింది.