సారుకిచ్చిన గొంతు

కోర్టు ఉన్న రోజు, ఎనిమిదిన్నర కాకముందే రాజ్యం గారు వరండాలో టేబుల్ మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి వెళ్ళేవారు. అవి దాహానికి పెట్టిన నీళ్ళు కావని నాచారంలో ఆ వీధి వాళ్ళందరికీ తెలుసు.

ఆవిడ భర్త పట్టాభిరామయ్య గారు సీనియర్ అడ్వకేటు. గుంటూరు నుంచి వచ్చి, రంగారెడ్డి జిల్లా కోర్టులో భూమి కేసులు వాదిస్తూ తల నెరిసిన మనిషి. గొంతుకి ఆపరేషన్ జరిగి మాట పోయినా ప్రాక్టీసు మానలేదు. తన దగ్గర పని నేర్చుకునే పిల్లల్లో ఒకరు ఆ గ్లాసులో సగం నీళ్ళు తాగి ఇస్తే, మిగతా సగం ఆయన తాగేవారు. ఇక కోర్టు ముగిసి ఇల్లు చేరేదాకా ఆ పిల్లల గొంతు ఆయనది. ఇంటికొచ్చాక ఆయన సగం తాగి ఇచ్చేవారు, గొంతు ఇచ్చినవాళ్ళు మిగతాది తాగి, తమ మాట తాము తీసుకుని వెళ్ళిపోయేవారు. మొదట్లో రాజ్యం గారు ఎంగిలి నీళ్ళేమిటని గొణిగారు. తర్వాత గ్లాసు ఆవిడే తోమి పెట్టడం మొదలుపెట్టారు. జడ్జీలైతే, తెల్లజుట్టు పెద్దాయన నోట్లోంచి ఇరవై మూడేళ్ళ ఆడపిల్ల గొంతు వస్తుంటే, "కొంచెం గట్టిగా చెప్పండి" అనేవారు. అంతకుమించి ఏమీ అనేవారు కాదు.

2010లో ఆయన దగ్గర ఇంటర్న్‌షిప్ చేస్తున్నవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ లా చివరి సంవత్సరం, ఒకే కాలేజీ. బిందుమాధవి వాళ్ళది నాచారంలోనే హెచ్ఎంటీ నగర్. అమ్మానాన్నలది తెనాలి, నాన్న ఇక్కడ ఒక ఆఫీసులో గుమస్తా. దీపది ఉప్పల్ పక్కన చిల్కానగర్. వాళ్ళ నాన్న రామస్వామి జనగామ వైపు నుంచి వచ్చి నాచారం ఫ్యాక్టరీలో చేరాడు.

బిందుమాధవి గొంతు బాగుంటుందని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవారు. స్కూల్లో ప్రార్థన ఆమే చదివేది, వక్తృత్వం పోటీల్లో కప్పులు ఆమే తెచ్చేది. సారు దగ్గర చేరిన రోజునే కాఫీ మానేసింది, చల్లటి నీళ్ళు ముట్టలేదు. తెల్లారి డాబా ఎక్కి, ఎదురింటి వాళ్ళు కిటికీలు మూసుకునేదాకా పాత తీర్పులు పైకి చదివేది.

అయినా గ్లాసు దీపకే వెళ్ళేది.

దీపది కాస్త బొంగురు గొంతు. ఆ గొంతుతో బాటే ఆమె యాస కూడా సారుకి వచ్చేసేది. గుంటూరు పెద్దాయన బోనులో ఉన్న ముసలాయన్ని పట్టుకుని, "ఏం తాతా, గా బాయి కాడికి నువ్వు ఎన్నడన్న పోయినవా, నిజం జెప్పు" అంటుంటే, ఆ ముసలాయన కొడుకుతో చెప్పుకున్నట్టు అన్నీ చెప్పేసేవాడు. వెనక బెంచీలో దీప నోరు మూసుకుని, చేతులు కట్టుకుని కూర్చునేది. ఆమె పక్కన బిందుమాధవి ఫైళ్ళ కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆ కట్ట తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "సార్, నా గొంతు ఎందుకు పనికిరాదు?"

ఆయన పలక మీద రాశారు. "సాక్షులు ఈ ప్రాంతం వాళ్ళు. వాళ్ళ మాట కావాలి."

"నేనూ ఇక్కడే పుట్టాను సార్. ఈ నాచారంలోనే."

ఆయన పలక తుడిచేశారు.

బిందుమాధవిని ఎక్కువ మండించింది అది కూడా కాదు. గొంతు తిరిగి వచ్చేటప్పుడు ఒట్టి చేతులతో వచ్చేది కాదు. ఎక్కడ ఆగాలో, జడ్జి కళ్ళజోడు తీసినప్పుడు ఏ మాట మింగేయాలో, అవతలి వకీలు అరిచినప్పుడు ఎంత నెమ్మదిగా మాట్లాడాలో అంతా నేర్చుకుని వచ్చేది. కష్టపడి చదివేది తను, వాదన వచ్చేసేది దీపకి. ఆ ఏడు కాలేజీలో జరిగిన వాదనల పోటీలో దీప నిలబడి పది నిమిషాల్లో బిందుమాధవిని ఓడించింది. పైగా దిగి వచ్చి, "నీ పాయింట్లే మంచిగుండె బిందూ, నేను జర తీరుగ జెప్పిన గంతే" అంది. ఓడిపోవడం కంటే ఆ మంచితనం బిందుమాధవికి ఎక్కువ కాలింది. ఆ రాత్రి అన్నం సహించక కంచం పక్కకి తోసింది.

ఆ రోజుల్లోనే మల్లవ్వ కేసు వాదనకి వచ్చింది. మల్లవ్వకి నారపల్లిలో ఎకరం చేను, అందులో రెండు గదుల ఇల్లు ఉన్నాయి. పక్కన ప్లాట్ల వెంచర్ వేసినవాళ్ళు ఆమె చేను కూడా కలిపేసి కంచె నాటారు. ఇంట్లోంచి బయటికి రావాలంటే ముళ్ళతీగ కింద నుంచి దూరి రావాలి. ఈసారి వాదనకి జిల్లా జడ్జి స్వయంగా కూర్చుంటున్నారని, ఊరంతా వస్తోందని తెలిసింది. అలాంటి వాదన చేసి వచ్చిన గొంతు ఇక జన్మలో తడబడదని బిందుమాధవికి అనిపించింది.

ముందురోజు సాయంత్రం దీపకి ఫోన్ చేసింది. తెలంగాణ కోసం లాయర్లు వారం విడిచి వారం కోర్టులు బహిష్కరిస్తున్న రోజులవి.

"రేపు కోర్టు లేదట దీపా. లాయర్లందరూ బాయ్‌కాట్ అట."

"గట్లనా? మంచిగైంది. అమ్మను దవాఖానకు తీస్కపోవాలె, ఎప్పటిసంది అడుగుతుంది" అంది దీప.

మర్నాడు సారు నల్లకోటు వేసుకుని వరండాలోకి వచ్చి, ఒక్కతే ఉన్న బిందుమాధవిని చూసి, దీప ఏదన్నట్టు చెయ్యి తిప్పారు.

"వాళ్ళమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తోంది సార్" అంది. ఆ ఒక్క ముక్కా నిజమే.

ఆయన గడియారం చూసుకుని గ్లాసు ఆమె వైపు జరిపారు. బిందుమాధవి సగం తాగింది. నీళ్ళతో పాటు గొంతులోంచి ఏదో దారంలా జారిపోయింది. సారు మిగతా సగం తాగి, గొంతు సవరించుకుని, "పద అమ్మాయ్, ఆటో వచ్చింది" అన్నారు. తన గొంతు బయట నుంచి వినడం ఆమెకి అదే మొదటిసారి. అది అంత బాగుంటుందని ఆమె కూడా అనుకోలేదు.

ఎల్బీ నగర్ కోర్టులో ఆ రోజు సారు యాస జోలికి పోలేదు. చట్టం చెప్పారు, కొలతలు చెప్పారు. చివర్లో మల్లవ్వని లేచి నిలబడమని, "ఈ మనిషి తన ఇంటికి తను వంగి వెళ్తోంది" అన్నారు. వెనక బెంచీలో బిందుమాధవికి ఆనందం కలగాలి. కలగలేదు. ఆ గొంతు తనదే, కానీ తన నోట్లో ఉండగా ఏనాడూ అలా పలకలేదు. దీప మీద పడ్డ అసూయ ఇప్పుడు సారు మీదికి, ఆ తర్వాత తన సొంత గొంతు మీదికి మళ్ళింది. త్వరగా ఇల్లు చేరి ఆ గ్లాసు అందుకోవాలని మాత్రమే అనుకుంది.

కంచె తీసేయాలని, కేసు తేలేవరకు ఎవరూ ఆ చేలో అడుగుపెట్టకూడదని జడ్జి అక్కడికక్కడే ఆర్డరు ఇచ్చారు. మల్లవ్వ సారు రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సారు బాగా అలిసిపోయారు. లోపలి గదిలో మంచం మీద నడుం వాలుస్తూ, "రాజ్యం, కాస్త కునుకు తీస్తాను. ఆ పిల్లకి అన్నం పెట్టు, ఎండలో పడి తిరిగింది" అన్నారు. వరండాలో కూర్చున్న బిందుమాధవికి తన గొంతు వినపడింది. రాజ్యం గారు పెట్టిన పప్పన్నం తిని, గ్లాసులో నీళ్ళు పోసుకుని, ఆయన లేస్తారని కూర్చుంది.

ఆయన లేవలేదు. కాఫీ తీసుకుని లోపలికి వెళ్ళిన రాజ్యం గారు చాలాసేపటికి బయటికి వచ్చి, గ్లాసుని, ఆ పిల్లని చూసి, "అయ్యో తల్లీ, నీది కూడా తీసుకుపోయారే" అని గడపలోనే కూలబడ్డారు.

గొంతు డాక్టరు బిందుమాధవిని పరీక్ష చేసి, "అన్నీ సరిగానే ఉన్నాయి. తిరిగి ఇవ్వాల్సిన మనిషి లేరు కదా" అన్నాడు. వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంది. చుట్టాలు వచ్చి చూసి పోయారు.

సారు పదోరోజు అయ్యాక దీప హెచ్ఎంటీ నగర్ వచ్చింది. మంచం అంచున కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

"పొద్దుగాల్ల బాయ్‌కాట్ బంద్ జేసిన్రేమో. నాకు ఫోన్ జేస్తే అమ్మను ఇడిసిపెట్టి రావాలె గద అని చెయ్యలేదు నువ్వు. నాకు ఎర్కే. నా జాగాల నువ్వు పోయినవ్ బిందూ."

బిందుమాధవి పక్కన కాగితం, పెన్ను ఉన్నాయి. పెన్ను తీసింది. కాసేపు పట్టుకుని, "కాఫీ తాగుతావా?" అని రాసింది.

దీప కాఫీ వద్దని నీళ్ళు అడిగింది. సగం తాగి గ్లాసు అందించింది. ఆ మధ్యాహ్నం బిందుమాధవి మిగతా సగం తాగి, వంటింట్లోకి వెళ్ళి, "అమ్మా, ఏంది గట్ల జూస్తున్నవ్" అంటే, తెనాలి తల్లి చేతిలో గరిటె పట్టుకునే కూతుర్ని వాటేసుకుంది.

అప్పట్నుంచి పొద్దుట దీప మాట్లాడేది, మధ్యాహ్నం బిందుమాధవి. పరీక్షలు రాశారు, ఇద్దరూ ఒకేరోజు నల్లకోట్లు వేసుకున్నారు. దీప పొద్దుటి కేసులకి వెళ్ళేది, లంచ్‌లో చెట్టుకింద నీళ్ళు పంచుకున్నాక రెండో పూట బిందుమాధవి లేచేది. ఇప్పుడైనా అసూయ తీరిందా అంటే, తీరలేదు. అంత విలువైనదాన్ని ఒకరికి ఇచ్చేటప్పుడు దీప ముఖంలో చిన్న బెంగైనా కనిపించదేం అని రోజూ చూసేది. కనిపించేది కాదు. తనైతే అలా ఇవ్వగలిగేది కాదని ఆమెకి తెలుసు.

రెండేళ్ళు గడిచాయి. హైకోర్టులో ఉమామహేశ్వర్ అనే పెద్ద వకీలు దీప వాదన విని, తన ఆఫీసులో చేరమన్నాడు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా పని. మధ్యాహ్నం గొంతు ఇవ్వడం కుదరదని దీప రానని చెప్పి వచ్చింది. ఆ సంగతి దీప చెప్పలేదు, వాళ్ళ నాన్న రామస్వామి చెప్పాడు. "నా బిడ్డకు గసుంటి నసీబు మళ్ల రాదు. జర నువ్వన్న జెప్పమ్మా" అని చేతులు జోడించాడు.

ఆ మధ్యాహ్నం చెట్టుకింద గొంతు అందుకున్నాక బిందుమాధవి కోర్టు హాల్లోకి వెళ్ళలేదు. దీపని కూర్చోమంది.

"సారు పోయిన దినం బాయ్‌కాట్ ఎవ్వరు పెట్టలే. నేనే అబద్ధం జెప్పిన. మీ అమ్మ కోసమని గాదు. నువ్వంటే ఓర్వలేక జెప్పిన. సారు నీ గొంతు తీస్కుంటే నాకు కడుపుల మంట లేచేది. నువ్వు గొంతు నాకు ఇస్తుంటే గూడ లేస్తుంది. నువ్వు హైకోర్టుకు పో."

ఆ మాటలన్నీ దీప గొంతులో, దీప యాసలో వచ్చాయి. దీప దగ్గర జవాబు చెప్పడానికి మాట లేదు. చెప్పేదంతా వినాల్సి వచ్చింది. బిందుమాధవి సీసాలో నీళ్ళు సగం తాగి చాచింది. దీప దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత గటగటా తాగేసింది.

"నువ్వు అబద్ధం ఆడకపోతే, ఇయ్యాల నేను మూగదాన్ని" అంది మెల్లగా. "నీకు దండం పెట్టాల్నా, నిన్ను తిట్టాల్నా, నాకు సమజైతలేదు."

కోటు దులుపుకుని బస్టాపు వైపు నడిచింది. సోమవారం హైకోర్టులో చేరింది. ఆ చెట్టుకిందికి మళ్ళీ రాలేదు.

బిందుమాధవి ఇంట్లో కూర్చుని వేరే వకీళ్ళకి దావాలు రాసిపెట్టడం మొదలుపెట్టింది. చాలా నెలల తర్వాత ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. గుమ్మంలో దీప, చంకలో పెద్ద ఫైలు. మల్లవ్వ కేసులో అవతలి వాళ్ళు పైకోర్టుకి వెళ్ళారు.

"గిది నీ అంత తీరుగ ఎవ్వరు రాయరు. నువ్వు రాయి, నేను మాట్లాడ్త" అంది. నీళ్ళు అడగలేదు, ఇవ్వలేదు. బిందుమాధవి ఫైలు అందుకుంది.

వాదన రోజు బిందుమాధవి హైకోర్టులో వెనక బెంచీలో కూర్చుంది. ముందు దీప నిలబడి, ఆమె రాసిన ఒక్కో మాటా చెబుతోంది. ఎంత బాగా చెబుతోందో వింటుంటే, బిందుమాధవి కడుపులో ఆ పాత మంట మళ్ళీ కదిలింది. ఈసారి దాన్ని కదలనిచ్చి, చెవి రిక్కించి వింది. ఒకచోట దీప మాట వెతుక్కుంటూ ఆగి, వెనక్కి తిరిగి చూసింది. బిందుమాధవి పెదవులు కదిపింది. దీప ఆ పెదవుల్లోంచి మాట అందుకుని, జడ్జి వైపు తిరిగింది.