పట్టుతీగ మీద ఈల

ఆవిరి.

వేడినీళ్ళ తొట్టి మీద ఆవిరి. ఆ ఆవిరిలో రెండు చేతులు. ఉడికిన పట్టుగూళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళలో తేలుతుంటాయి. ఒక్కో గూటికి ఒక్కో పోగు. పోగుకి ఒక కొన. అది కంటికి కనిపించదు. వేలికే తెలియాలి.

అలివేలు వేళ్ళకి తెలుసు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా లింగప్ప షెడ్డులో ఆమె పని అదే — కొన పట్టుకోవడం, రాట్నానికి అందించడం, మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టడం. పక్క తొట్టి దగ్గర తల్లి వెంకటలక్ష్మమ్మ. రాట్నాలు తిరిగే చోట మాట్లాడాలంటే అరవాలి. అరిచి చెప్పుకునేంత మాటలు వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ లేవు.

సాయంత్రానికి వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, ముడతలు పడి, మెత్తగా...

ఆ వేళ్ళతోనే ఆమె గిటార్ పట్టుకుంటుంది.

గిటార్ ఆమెది కాదు, ఆమె అన్న చంద్రశేఖర్‌ది. అతనికి హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో కొన్నాడు. ఆదివారాలు నేర్చుకున్నాడు. సరదా తీరింది. పెళ్ళయింది. ఒక గది ఇల్లు — మంచం, బీరువా, టీవీ. గిటార్‌కి చోటు లేదు. టౌన్ బస్సులో చంటిపిల్లని తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

"నాకిది ఒంటబట్టలే పాపా. నాకు వచ్చిందంతా చూపిస్తాను, ఇంక నువ్వే పెట్టుకో."

అతనికి వచ్చిందంతా చూపించడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది!

ఆమెకి పాటలు అక్కర్లేదు. కావలసింది ఒక్కటే.

నాయన ఈల.

రామప్ప గొర్రెలు కాసేవాడు. కెలవరపల్లి డ్యామ్ అవతల తుమ్మచెట్లలో మందను వదిలి, పొద్దు వాలగానే ఈల వేసేవాడు. రెండు స్వరాలు పైకి. పైన నిలబడేది. తర్వాత కిందికి జారేది — మెల్లగా, తెగకుండా. ఆ జారే చోటే గొర్రెలు తలలెత్తేవి. ఆ జారే చోటే ఇంటి దగ్గర వెంకటలక్ష్మమ్మ చేతిలో పని వదిలేసి, దొడ్డి తడిక తీసి పట్టుకుని నిలబడేది.

నాయన జ్వరంతో పోయాడు. ఈల ఏ క్యాసెట్లోనూ లేదు. అన్న అప్పుడు కృష్ణగిరి హాస్టల్లో ఉన్నాడు, అతనికి గుర్తు లేదు. అమ్మకి గుర్తుందో లేదో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అంటే ఇప్పుడు ఆ ఈల అలివేలు తలలో తప్ప ఇంకెక్కడా లేదు. అక్కడా చెరిగిపోతోంది. పైన ఎంతసేపు నిలబడేదో మొన్నటిదాకా తెలుసు... ఇప్పుడు తెలియడం లేదు. ఆమెకి భయం. నీళ్ళలో చెయ్యి పెట్టినప్పుడూ భయమే, అన్నం తినేటప్పుడూ భయమే.

నోటితో వేసి చూసుకోవచ్చు కదా?

వేయకూడదు. ఆడపిల్ల ఈల వేయకూడదు.

నాయన పోయాక మందను కృష్ణగిరి అవతల పోచంపల్లి సంతకి తోలుకెళ్ళారు. అమ్మేశారు. లారీ ఎక్కించబోతే గొర్రెలు ఎక్కవు. గుంపుగా వెనక్కి, పక్కకి, మళ్ళీ వెనక్కి. బేరగాళ్ళు కర్రలు తీశారు. అలివేలు అప్పటికి చిన్నపిల్ల. లారీ మీదికి ఎక్కి, వాటిని పిలుద్దామని పెదవులు ముడిచింది — అంతే. వెనకే ఎక్కిన తల్లి చెయ్యి మూతి మీద పడింది.

"ఆడదానివి ఈలేస్తావా? ఉండే ఇంటిని గూడా కూలుస్తావా?"

పెదవి చిట్లింది. గొర్రెలను కర్రలతో కొట్టి ఎక్కించారు.

ఆ పెదవులు మళ్ళీ ఎప్పుడూ అలా ముడవలేదు. కానీ చేత్తో వాయించకూడదని ఎవరూ అనలేదు కదా... ఆ ఒక్క సందు చాలు ఆమెకి.

సాయంత్రాలు. షెడ్డు వెనక అరుగు. ఒళ్ళో గిటార్.

పైకి వెళ్ళే రెండు స్వరాలు తొందరగానే దొరికాయి.

జారడం దొరకలేదు.

గిటార్ మెడకి మెట్లున్నాయి. వేలు జరిపితే స్వరం ఒక్కో మెట్టూ దిగుతుంది — టక్, టక్, టక్. నాయన ఈల మెట్లు దిగలేదు. గట్టు మీంచి గొర్రెపిల్ల జారినట్టు జారింది.

అన్న ఒక ఆదివారం వచ్చినప్పుడు చెప్పాడు. "తీగెను పక్కకు తోసి పట్టుకోల. వాయించి, మెల్లగా వదలల. అప్పుడు జారతాది. దానికి వేలి చివర కాయ కాయల పాపా, ఊరికే రాదు."

కాయ కాయాలి.

సాయంత్రం వాయిస్తే తోలు కాస్త గట్టిపడుతుంది. మర్నాడు వేడినీళ్ళు దాన్ని కరిగిస్తాయి. మళ్ళీ సాయంత్రం. మళ్ళీ నీళ్ళు. పోనీ, నిజంగానే గట్టిపడిందనుకో — అప్పుడు పోగు కొన తెలియదు. కొన తెలియని చేతికి లింగప్ప షెడ్డులో ఏం పని?

ఆమెకి కోపం. నీళ్ళ మీద కోపం, గిటార్ మీద కోపం, మెత్తటి తన వేళ్ళ మీద కోపం. తొట్టి ముందు కూర్చుంటే అరుగు మీద ఉండాలనిపిస్తుంది. అరుగు మీద కూర్చుంటే లేచి ఎటో నడవాలనిపిస్తుంది... డ్యామ్ దాకా, తుమ్మచెట్ల దాకా. ఎక్కడా కుదురు లేదు.

ఆ కోపంలోనే ఒకరోజు సన్నతీగను తోసింది. ఇంకా తోసింది.

తెగింది.

హోసూరు వెళ్ళింది. షాపతను చూడకుండానే చెప్పాడు — సన్నతీగ లేదమ్మా, వచ్చేవారం రా.

వారం! అప్పటికి తలలో ఎంత మిగులుతుందో!

తిరుగు బస్సులో ఆమెకి తోచింది. పట్టు. రోజంతా చేతిలో ఆడే పట్టు. పోగులు పేనితే మనిషి లాగినా తెగని పట్టు. దాని ముందు ఇనుము ఎంత?

లింగప్పని అడిగింది, చిక్కుపడి పారేసే పోగులే ఇమ్మని. ఆయన నవ్వాడు.

"పట్టుతో చీర నేస్తారు, తాళిబొట్టుకు దారం పేనుతారు. పాటకు యాడన్నా కడతారా అమ్మా? తీస్కో, తీస్కో."

తొడ మీద పేనింది. మైనం రాసింది. గిటార్ తల దగ్గర తీగ బిగించే బిరడకి చుట్టింది.

మర్నాటి సాయంత్రం రాట్నాలు ఆగాయి. తొట్ల మీద ఆవిరి ఇంకా లేస్తోంది. తల్లి లోపల కింద పడిన గూళ్ళు ఏరుతోంది. అలివేలు అరుగు మీద కూర్చుంది. గుమ్మంలోంచి ఆవిరి వచ్చి మెడకి తగులుతోంది.

పట్టుతీగను పక్కకి తోసింది. మెత్తటి తీగ, మెత్తటి వేలు. నొప్పి లేదు.

రెండు స్వరాలు పైకి. పైన నిలబెట్టింది. వదిలింది —

జారింది.

చిన్న శబ్దం. బొంగురు శబ్దం. కానీ అదే. అదే!

లోపల గూళ్ళు ఏరే చప్పుడు ఆగింది.

వెంకటలక్ష్మమ్మ బయటికి వచ్చింది. వచ్చి, షెడ్డు తలుపు రెక్క లాగి పట్టుకుని నిలబడింది. రోడ్డు వైపు చూస్తోంది. రోడ్డు మీద ఏమీ లేదు. ఆమె మాత్రం తలుపు వదల్లేదు, వచ్చేవాటికి దారి ఇస్తున్నట్టు ఒక పక్కకి ఒదిగింది.

"ఎవరు పిలిచినారు?"

అలివేలు గిటార్ మీద చెయ్యి వేసి చూపించింది.

తల్లి ఆ తీగను చూసింది. కూతురి వేళ్ళను చూసింది.

"ఇంకొక తూరి."

వాయించింది.

కాలేదు. పట్టు ఆవిరి తాగేసింది. వదులైపోయి, స్వరం కింద ఎక్కడో మూలిగింది. బిరడ తిప్పింది. మళ్ళీ వాయించింది. నిలబడకముందే జారిపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ వదులు... పాడు పట్టు, పాడు ఆవిరి! ఆమెకి ఏడుపొస్తోంది.

"అట్ల కాదు," అంది తల్లి. "పైన నిలబడల. మీ నాయన ఊపిరి అయిపొయ్యేదాకా ఆడనే నిలబెట్టేవాడు. అది అయినంకనే వదిలేవాడు."

అలివేలు తలెత్తింది.

అమ్మకి గుర్తుంది. తను పోగొట్టుకున్నంత మేరా అమ్మ దగ్గర ఉంది. ఇన్నేళ్ళూ పక్క తొట్టి దగ్గరే ఉంది.

తీగ మళ్ళీ వదులవుతోంది. బిరడ మీద చెయ్యి ఆగింది.

"దాన్ని వదిలెయ్," అంది వెంకటలక్ష్మమ్మ. రోడ్డు వైపే చూస్తూ, మెల్లగా. "నోటితో వెయ్."

"అమ్మా..."

"వెయ్‌వే. నేనే చెప్తా ఉన్నా కదా."

అలివేలు పెదవులు ముడిచింది. పాత గాయం ఉన్నచోట కొంచెం లాగింది. ఊపిరి పీల్చి వదిలింది.

గాలి.

వట్టి గాలి. ఇంకోసారి... గాలే. అన్నేళ్ళు ముడవని పెదవులు.

తల్లి తలుపు వదల్లేదు. అలివేలూ ఆపలేదు.

గుమ్మంలోంచి ఆవిరి వస్తోంది. ఆ ఆవిరిలో రెండు పెదవులు, కొన కోసం వెతుకుతూ...