సీసాకు నల్లంచు

"కదలకు ఆరిఫా! అంచు పోతది" అన్నాడు రెహమాన్, కెమెరా స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే.

ఆరిఫా కదల్లేదు. ఖమ్మంలో వాళ్ల ఇంటి ముందుగదే ఫొటో స్టూడియో. బల్ల మీద నన్నారి షర్బత్ సీసా, దాని వెనక తెల్ల దుప్పటి, దుప్పటి వెనక లైటు. అలా వెనకనుంచి వెలుగు పడితే షర్బత్ ఎర్రగా మెరుస్తుంది గానీ, గాజు అంచులు తెలుపులో కలిసిపోతాయి. సీసా సీసాలా కనపడాలంటే రెండు పక్కలా నల్లటిదేదో ఉండాలి. అటుపక్క నల్ల బీరువా. ఇటుపక్క బుర్ఖా వేసుకున్న ఆరిఫా. ఆరేళ్లుగా ఇదే తంతు.

ఈ కిటుకు కనిపెట్టింది ఎవరనుకున్నారు? ఆమే. ఒకనాడు బజారుకు పోదామని బుర్ఖా వేసుకుని, కిటికీకి ఆరేసిన దుప్పటి ముందున్న తేనె సీసా తీయబోతే, గాజుకు కాటుక గీసినట్టు నల్లంచు వచ్చింది. సంబరంగా మొగుణ్ని పిలిచి చూపించింది. ఆ తర్వాత అది 'రెహమాన్ లైటింగ్' అయి కూర్చుంది. సోడాల వాళ్లు, జ్యూసుల వాళ్లు మెచ్చుకుంటే "ఇరవై ఏండ్ల తజుర్బా" అని తన అనుభవం గొప్పగా చెప్పుకునేవాడు. పోన్లే, నేను నిలబడందే ఈయన పని నడవదు కదా అని ఆమెకు లోలోపల గర్వం. పిచ్చిది! ఆ గర్వంతోనే ఆరో నెల కడుపుతో నిలబడింది, జ్వరంతో నిలబడింది. కాళ్లు లాగుతున్నాయంటే, "నిల్సునుడు గూడ ఒక పనేనా?" అనేది అత్త బేగం. బయటికి పోయేటప్పుడు ఇష్టంగా, మర్యాదగా వేసుకునే బుర్ఖా ఇంట్లో లైటు వేడికి చెమటతో ముద్దయ్యేది.

ఆ రోజు షర్బత్ తెచ్చింది శ్రావణి. దమ్మపేట దగ్గర తండా పిల్ల. ఊరినుంచి నన్నారి వేళ్లు తెచ్చి, ఖమ్మంలో అద్దెగదిలో తనే కాచి అమ్ముకుంటోంది. రెహమాన్ పక్కన నిలబడి స్క్రీన్ చూస్తోంది.

ఇంతలో లోపలినుంచి కేక. "ఆరిఫా! అన్నం మాడుతున్నది, జల్దీ రా!"

అత్త పొయ్యి పక్కనే ఉంది. చెయ్యి చాపి కట్టేయొచ్చు. కట్టేయదు.

"కదలకు" అన్నాడు మొగుడు.

ఆరిఫాకు ఏం తోచలేదు. మూలనున్న పాత లైటు స్టాండు లాగి, బుర్ఖా విప్పి దాని మీద వేసి, వంటింట్లోకి ఉరికింది.

తిరిగొచ్చేసరికి శ్రావణి అంటోంది. "అంచు గట్లనే ఉన్నది సార్. ఇంకా మంచిగొచ్చింది. ఊగుతలేదు."

ఆరిఫా స్క్రీన్ చూసింది. నల్లంచు నిటారుగా, తను నిలబడ్డప్పటికంటే శుభ్రంగా ఉంది. ఆరేళ్లు! యా అల్లా, ఒక ఇనప కడ్డీ, ఒక నల్ల గుడ్డ చేసే పనా ఇది? పాపం, ఈయనకూ తెలియదేమో. తెలియకపోతే బాగుండు. మనసులో అదే వేడుకుంటూ మొగుడి మొహంలోకి చూసింది.

"మీకు గూడ తెల్వదా ఇది?"

"తెల్వకేం?" సీసా మీది దుమ్ము తుడుస్తూ అన్నాడు రెహమాన్. "స్టాండు గుంజుకొచ్చుడు, గుడ్డ కట్టుడు, మళ్ల విప్పుడు... గా పరేషాన్ ఎవలు పడతరు? నువ్వెట్లాగు ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదా."

చాలా మామూలుగా అన్నాడు. చెంప మీద కొట్టినా ఆమెకు అంత దిమ్మ తిరిగేది కాదు. చేతిలో మసిగుడ్డతో అలాగే నిలబడిపోయింది. నిలబడటం అలవాటే కదా.

తర్వాత స్టాండు మీంచి బుర్ఖా తీసి వేసుకుంది.

"అవ్, గట్ల నిల్సో" అంటూ రెహమాన్ కెమెరా వెనక్కి పోయాడు.

ఆరిఫా బల్ల మీది సీసా తీసి శ్రావణి చేతిలో పెట్టింది. "పా చెల్లే, మీ ఇంటికాడ తీద్దాం. తెల్ల దుప్పటొకటి, నల్ల గుడ్డ, కర్ర ఉంటే చాలు. నీ ఫోన్ల నేను తీస్త."

శ్రావణి ఇద్దరి మొహాలూ చూసి, సీసాను సంచిలో వేసుకుంది.

"ఏంది ఆరిఫా ఇది? నిల్సో! వేరేటోళ్లయి ఇంకా నాలుగు సీసాలున్నయ్!" అని అరిచాడు రెహమాన్.

ఆరిఫా గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ అంది.

"నాకిప్పుడు ఖాళీ లేదు."