పన్నెండు ఊళ్ళ గిటారు

నెతాని నలభై తొమ్మిదో ఏట గిటారు పట్టుకున్నాడంటే అది సరదా కొద్దీ కాదు. ఇంట్లో పాట ఆగిపోయి ఎనిమిది నెలలైంది, అందుకు.

అతని భార్య తోరిక, సముద్రం మధ్య ఒక దీవిలోని తమ ఊరి చర్చి గాయక బృందంలో ముందు వరుస మనిషి. ఇరవై ఏళ్ళుగా ఆమె పాట ఎత్తుకుంటే తప్ప మిగతావాళ్ళు నోరు తెరిచేవారు కారు. గొంతులో చిన్న కాయ లేచిందని పట్నం ఆసుపత్రిలో తీయించారు. కాయ పోయింది, గొంతు మిగిలింది, కానీ అది రోజుకో చోట నిద్ర లేవడం మొదలుపెట్టింది. సోమవారం కింద, మంగళవారం పైన, బుధవారం మధ్యలో ఎక్కడో. లేచిన చోట మాత్రం సాయంత్రం దాకా గుంజ పాతినట్టు నిలబడుతుంది. మర్నాడు ఎక్కడుంటుందో దానికే తెలియదు. డాక్టరు ఇలాంటిది తన సర్వీసులో చూడలేదని సంతోషంగా రాసుకున్నాడు.

బృందంలో గిటారు వైసాలేది. అతను నేర్చుకున్న పట్లు మూడు, వాయించే శ్రుతి ఒకటి. పాట తాతల నాటి నుంచీ అక్కడే కాపురముంది కాబట్టి తోరికే అక్కడికి రావాలన్నాడు. ఆమె మూడు ఆదివారాలు ప్రయత్నించింది, మూడుసార్లూ గొంతు జీరపోయి జనం ముందు తలవంచుకుంది. నాలుగో ఆదివారం నుంచి వెనక వరుసలో కూర్చుంది. ఇంట్లో కొబ్బరి కోరుతున్నప్పుడు కూడా కూనిరాగం లేదు. వానొచ్చినా గాలొచ్చినా భయపడని నెతానికి ఆ నిశ్శబ్దమంటే భయం పట్టుకుంది.

ఆపైన ఒకరోజు తోరిక ముందు వరుస వదిలేస్తానంది. ఆ ఊళ్ళో వదలడమంటే నోటిమాట కాదు. తెల్ల గౌను మడతపెట్టి, నలుగురిలో, తర్వాతి మనిషి ఒళ్ళో పెట్టాలి. పెట్టాక మళ్ళీ అడగడానికి లేదు. అక్క కూతురు వసితికి ఇస్తానని, ఆరు వారాల తర్వాత వచ్చే శనివారానికి ముహూర్తం కూడా ఆమే పెట్టేసింది.

నెతాని ఆ సాయంత్రమే వైసాలే ఇంటికి పోయాడు. ఇద్దరూ బావా బావమరుదులు. అక్కడా మన దగ్గర లాగే, ఆ వరసవాళ్ళు ఒకరినొకరు వెక్కిరించుకోకపోతే ఇంట్లో ఏదో గొడవైందని ఊరంతా అనుకుంటుంది.

"ఆ వేళ్ళు ఒకసారి చూసుకో బావా," అన్నాడు వైసాలే. "దుంపలు తవ్వడానికి పుట్టినవి."

"నీ మూతికంటే నయంలే. ఆవిడ గొంతు ఎక్కడుంటే పాట అక్కడికి వెళ్ళాలి. దానికి దారుందా, లేదా?"

తీగలు సడలించి చూద్దామని వైసాలే అన్నాడు. రోజూ సడలించి బిగించేసరికి మొదటి వారంలోనే మూడు తెగాయి. అప్పుడు తల గోక్కుని, ఒక దారి ఉందిగానీ తనకే సరిగ్గా రాదని ఒప్పుకున్నాడు. చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా గొళ్ళెం వేసినట్టు నొక్కి పట్టాలి. మిగతా మూడు వేళ్ళూ దాని ముందు ఒక తీరులో కూర్చోవాలి. అది బారె పట్టు. ఒకసారి కుదిరితే వేళ్ళ తీరు మార్చకుండా చెయ్యి మొత్తం గిటారు మెడ మీది ఏ మెట్టుకైనా జరపొచ్చు. జరిపిన చోటల్లా పట్టు అదే, పేరు మాత్రం వేరు.

వినడానికి బాగానే ఉంది. నొక్కితే నాలుగు తీగలు గరగరమన్నాయి, రెండు అసలు పలకలేదు. పది రోజులకు చూపుడు వేలికి ఆరు గాట్లు పడ్డాయి. పదిహేనో రోజు ఆరు తీగలూ ఒక్కసారిగా మోగితే నెతాని ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. మళ్ళీ కుదరడానికి మరో రెండు రోజులు పట్టింది.

పట్టు కుదిరింది సరే, దాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి జరపాలో బుర్రకెక్కలేదు. అది ఎక్కింది లారీలో. నెతాని ఆ తీరంలోని పన్నెండు ఊళ్ళకూ బెంచీల లారీ నడుపుతాడు. జనం ఎప్పుడూ ఒకే తీరులో కూర్చుంటారు: భారీ మనుషులు ముందు, పిల్లల తల్లులు మధ్యలో, మేకలు వెనక. ఏ ఊళ్ళో ఆగినా ఆ తీరు అదే, బయట ఊరి పేరే మారుతుంది. పాటకు కావలసినవి మూడు మజిలీలు. మొదటి చోటు నుంచి ఐదు ఊళ్ళు దాటితే రెండోది, ఇంకో రెండు దాటితే మూడోది. మూడో ఊళ్ళో బయల్దేరితే ఎనిమిది, పది. ఒకటో ఊళ్ళో బయల్దేరితే ఆరు, ఎనిమిది. ఎక్కడ బయల్దేరినా దాటాల్సిన ఊళ్ళ లెక్క ఒకటే. ఇది తట్టిన సంతోషంలో నెతాని ఇద్దరు టీచర్లను ఎక్కించుకోకుండా వచ్చేశాడు.

ఆ సంతోషమే పీకల మీదికి తెచ్చింది. మర్చిపోకుండా ఉండాలని వైసాలే గిటారు మెడ మీద, ఒక్కో మెట్టు పక్కన ఒక్కో ఊరి పేరు తెల్ల రంగుతో రాశాడు.

సకేయాసి అని ఒక ముసలాయన ఉన్నాడు. ఊరి పెద్ద తరఫున నలుగురిలో మాట్లాడేది ఆయనే. ఎవరైనా వేరే ఊళ్ళోకి అడుగుపెడితే ముందు యాంగోనా అనే మత్తు వేరు కట్ట తీసుకెళ్ళి ఆ ఊరివాళ్ళ ముందు పెట్టాలి, వాళ్ళు చప్పట్లు చరిచి అందుకోవాలి, దంచి కలిపిన నీళ్ళు అందరూ తాగాలి. అప్పుడే కాలు పెట్టినట్టు లెక్క. ఈ విషయంలో ఆయన సొంత తమ్ముణ్ణి కూడా వదిలిపెట్టలేదు. ఆ ముసలాయన ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని నెతాని చెయ్యి అటూ ఇటూ పోవడం చూశాడు, రాసిన పేర్లు చదివాడు.

"ఇందాక నాంబూటాలోకి వెళ్ళావు," అన్నాడు. "వేరు ఇచ్చావా?"

"అది గిటారు మామా."

"పేరు నాంబూటా అని ఉంది."

"లారీలో రోజూ వెళ్తూనే ఉన్నాను కదా మామా, ఎప్పుడూ అడగలేదే?"

"లారీ రోడ్డు మీద ఆగుతుంది. నువ్వు దిగవు. ఇక్కడ నీ చెయ్యి లోపలికెళ్ళి కూర్చుంటోంది. పైగా గోల కూడా చేస్తోంది."

నెతాని పక్కనే ఉన్న వైసాలే వైపు చూశాడు. వైసాలే గొంతు సవరించుకుని, ముసలాయన అన్నదాంట్లో తప్పేమీ కనపడటం లేదన్నాడు. ఆ రోజు నుంచి మెట్టు మారినప్పుడల్లా ముసలాయన ముందు వేరు పెట్టడం, చప్పట్లు, ఒక్కో కొబ్బరి చిప్పెడు నీళ్ళు. మూడు మెట్లు మారేసరికి నాలుక మొద్దుబారేది, ఐదు మారేసరికి వేళ్ళు ఎవరివో తెలిసేది కాదు. నెతాని దొడ్డి వెనక యాంగోనా తోట సగం ఖాళీ అయింది.

సంగతి నెతాని లారీలోనే పన్నెండు ఊళ్ళకూ పాకింది. నాంబూటావాళ్ళు మా ఊరి వేరు మేం అందుకోవాలి గానీ సకేయాసి ఎవరని అడిగారు. న్యాయమే. దాంతో ఊరికొక మనిషి చొప్పున, వేరు అందుకోవడానికి, రోజూ రావడం మొదలైంది. వాళ్ళను ఎక్కించుకు రావాల్సింది నెతానే. ఆరో ఊరికీ ఏడో ఊరికీ చేపల గట్టు దగ్గర పాత తగాదా ఉంది, కాబట్టి ఆరు నుంచి నేరుగా ఏడుకు చెయ్యి జరపడానికి వీల్లేదన్నారు. వెనక్కి ఒకటో మెట్టుకొచ్చి, దూకి వెళ్ళాలి. ఇక లారీ వెళ్ళని, రోడ్డు చివరి పదమూడో ఊరివాళ్ళు గిటారులో తమకు చోటు లేకపోవడం అవమానమని, మెడ పొడిగించడానికి వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చారు. వైసాలే గిటారును గుండెకు హత్తుకుని ఒక పూటంతా కొబ్బరి తోటలో దాక్కున్నాడు.

తోరిక ఇదంతా చూస్తూ ఉంది. ఒక రాత్రి మొగుడికి చేపల పులుసు వడ్డిస్తూ అంది: "నా గొంతు పేరు చెప్పి ఊళ్ళన్నీ తాగి పడుకుంటున్నాయి. నాకు సిగ్గేస్తోంది. ఆపెయ్."

"నువ్వు పాడితే ఆపేస్తా."

ఆమె గిన్నె అక్కడే పెట్టి లోపలికి పోయింది.

శనివారం వచ్చింది. ఊరి హాల్లో చాపలు పరిచారు. పన్నెండు ఊళ్ళ మనుషులు వరసగా, ఎవరి చిప్ప వాళ్ళ ముందు పెట్టుకుని కూర్చున్నారు. తోరిక ఒళ్ళో గౌను, ఎదురుగా వసితి. నెతాని లేచి, ఇచ్చే ముందు ఒక్క పాట ఉండాలని పెద్దల్ని వేడుకున్నాడు. సరే, ముందు ఏ ఊళ్ళోకి వస్తున్నావో చెప్పు, వాళ్ళు సిద్ధమవుతారు, అన్నాడు సకేయాసి.

"తెలీదు మామా. ఇవాళ ఆవిడ గొంతు ఎక్కడ లేచిందో అక్కడికి."

హాలంతా తోరిక వైపు తిరిగింది. ఆమె తల వంచుకుంది. పన్నెండు మందీ, తమ ఊరే కావచ్చని, చప్పట్లకు చేతులు ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. ఈ పిచ్చి ముదిరి ఇంకే ఊరికి పాకుతుందోనని తోరికకు ఒళ్ళు మండి, పెదవులు తెరవకుండానే "ఊఁ" అని ఒక్క స్వరం వదిలింది.

నెతాని వెతికాడు. నాలుగో మెట్టు వైలోమా, అక్కడ తీగలు ఆమె స్వరానికి కాస్త కింద. ఐదోది నాంబూటా, అక్కడ కాస్త పైన. మళ్ళీ నాలుగు, మళ్ళీ ఐదు. ఆమె గొంతు సరిగ్గా రెండు ఊళ్ళ మధ్య గట్టు మీద నిలబడి ఉంది.

వైలోమా మనిషి ఆవిడ మాదన్నాడు. నాంబూటా మనిషి, స్వరం మావైపే వాలుతోందని తల పక్కకు వంచి మరీ వినిపించాడు. సకేయాసి కళ్ళు మూసుకుని ఆలోచించి, గట్టు మీదైతే రెండు ఊళ్ళూ ఒకేసారి అందుకోవాలనీ, ఎవరి చిప్ప ముందన్నది వాళ్ళ పెద్దలే తేల్చాలనీ, ఆ పెద్దల్లో ఒకాయన క్రిస్మస్ వెళ్ళాక గానీ రాడనీ, అప్పటిదాకా పాట ఆగుతుందనీ, గౌను మాత్రం ఇవాళే ఇచ్చేయొచ్చనీ తీర్పు చెప్పాడు.

ఎవరూ నెతాని వైపు చూడలేదు, తోరిక తప్ప. అతను వైలోమా దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. గొళ్ళెం వేసిన వేలు తెల్లబడింది. ఐదుకు పోతే ఇటు కోపం, ఇక్కడుంటే అటు కోపం, తీస్తే పాట లేదు. అతను తప్పిపోయిన పిల్లాడిలా ఆమెనే చూస్తున్నాడు.

ఆమె గౌను పక్కన పెట్టింది. లేచి, సకేయాసిని దాటి, వరసలో ఉన్న చిప్పల్ని దాటి వచ్చి మొగుడి మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది.

"వేలు ఎత్తకు," అంది. "ఉన్నచోటే ఉండు. నేనే వస్తాను."

ఆమె గొంతు ఒక్క పిసరు కిందికి దిగింది. గట్టు దిగి వైలోమాలోకి, వేరూ లేదు చప్పట్లూ లేవు, తన ఇంట్లోకి వచ్చినట్టు వచ్చింది. ఆరు తీగలూ దాంతో కలిసి పలికాయి. సకేయాసి నోరు తెరిచాడు, రెండో చరణం దాకా తెరిచే ఉంచాడు. వసితి చెంప కింద చెయ్యి పెట్టుకుని విన్నది, ఆమెకు తర్వాత వేరే గౌను కుట్టించారు. నెతాని ఐదు ఊళ్ళు దాటాడు, ఇంకో రెండు దాటాడు, వెనక్కొచ్చాడు. కళ్ళ నీళ్ళు గడ్డం మీది నుంచి గిటారు మీద పడుతున్నా తుడుచుకోలేదు. ఆమె చెప్పినట్టే, పాట అయ్యేదాకా వేలు ఎత్తకుండా జరుపుతూనే ఉన్నాడు.