మూడో కొండ

అయినా అది కొండ అనడానికి రాయి ఏది? రాయచోటి వైపు కొండంటే గుండ్లు, ముళ్ళు, కాలే నేల. నిరుడు బ్రిటన్‌లో చూసిన ఆ కొండంతా గడ్డే. తడిసిన గొంగడి కప్పుకుని ఎవరో పడుకున్నట్టు ఉండేది.

అంకాలమ్మ తడిగుడ్డతో, మంచాన పడ్డ పెద్ద మేడం వేళ్ళ సందులు తుడుస్తోంది. వేళ్ళు సన్నబడి ఉంగరాలు జారిపోతుంటే ఆమె కోడలు తీసి దాచింది. అవి ఉన్నచోట చర్మం ఇంకా తెల్లగానే ఉంది.

ఇక్కడ దోహాలో ఎండలు ముదిరితే ఈ ఇంటివాళ్ళు బ్రిటన్‌లో, ఎవరూ పెద్దగా వెళ్ళని ఒక లోయలో ఇల్లు తీసుకుంటారు. ఊపిరితిత్తులకు మంచిదని నిరుడు అక్కడ పెద్ద మేడం నడక మొదలుపెట్టింది. తోడు అంకాలమ్మ. మొదటి కొండ మీద గొర్రెలు, వాటి వీపుల మీద నీలం గుర్తులు. మా ఊళ్ళోనూ ఇట్లే పూస్తారంటే మేడం చాలాసేపు నవ్వింది. రెండో కొండ కొనన రాళ్ళ కుప్ప కనిపిస్తే, దేవుడనుకుని అంకాలమ్మ చెప్పులు విడిచింది. మూడో కొండ కింద మేడం బెంచీ మీద కూలబడింది.

"నువ్వు పో. పైనుంచి సముద్రం కనిపిస్తుందేమో చూసి రా. సముద్రం లేనిచోట నాకు నిద్ర పట్టదు."

సగం దారిలో పొగమంచు కమ్మింది. చేతులు చాపితే చేతులే కనిపించలేదు. అంకాలమ్మ వెనక్కి వచ్చి, "కనిపించింది" అంది. ఆ రాత్రి మేడం హాయిగా నిద్రపోయింది. ఈ ఇంట్లో పనిచేసిన ఏడేళ్ళలో ఆమెకు చెప్పిన అబద్ధం అదొక్కటే. దాన్నే ఆమె రోజూ మళ్ళీ అడిగి చెప్పించుకుంటుంది.

డ్రైవరు షఫీ మందుల సంచి తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం లండన్ దొరసానక్కా, ఈ తూరి ఏ కొండ?"

"నోరు మూసుకోరా. టికెట్లు తీసినారా?"

"టికెట్లు మాఫీ, లేనే లేవు. డాక్టరు వద్దన్నాడంట." గొంతు తగ్గించాడు. "ఇంగ రెండు మూడు రోజులేనంట అక్కా."

ఈరోజే నిజం చెప్పేయాలి. అంకాలమ్మ మంచం పక్కన కూర్చుని, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో మొదలుపెట్టింది.

"మేడం, ఒక మాట చెప్పాల."

"తర్వాత. ముందు సముద్రం చెప్పు. యల్లా, తొందరగా."

"పచ్చగా ఉండె మేడం. శానా దూరంగా. ఒక పడవ గూడా."

"పడవ సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"మర్చిపోయినా."

మేడం కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నం నమాజు పిలుపు ముగిశాక అంకాలమ్మ చెంచాతో నీళ్ళు పెడితే పెదవుల పక్కనుంచి కారిపోయాయి.

సాయంత్రానికి మగవాళ్ళు మేడంను మట్టి చేయడానికి తీసుకెళ్ళారు. హాలు నిండా ఆడవాళ్ళు. గది సర్దమన్నారు. దుప్పటి తీస్తుంటే బల్ల మీద వినికిడి మిషన్ కనిపించింది. తీసుకెళ్ళే ముందు ఎవరో మేడం చెవిలోంచి తీసి పెట్టినట్టున్నారు. చిక్కుడు గింజంత ఉంది. ఆపలేదు.

అంకాలమ్మ తలుపు దగ్గరగా వేసి, దాన్ని అరచేతిలో పెట్టుకుని, నోటి దగ్గరకు తెచ్చుకుంది. ఈసారి తెలుగులోనే చెప్పింది.

"నేను పైకి ఎక్కలా మేడం. బయమేసి సగంలోనే తిరుక్కొని వచ్చినా. సముద్రం చూళ్ళేదు."

చెయ్యి మూసేసరికి అది సన్నగా కూత పెట్టింది. వేళ్ళు విప్పి మెల్లగా బల్ల మీద పెట్టింది. బ్యాటరీ ఉన్నంతసేపూ అది ఆ ఖాళీ గదిని వింటూనే ఉంటుంది.